రాసినోళ్లు సదువొద్దు

"అవ్వా, ప్రతి ఐతారం నీ మిద్దె మీద కథలు సదువుతరంట గదా. రాసినోళ్లు మాత్రం సదువొద్దంట. గదేం రివాజు అవ్వా, ఎట్ల మొదలైంది?"

గదేనా నువ్వడిగేది? కూసో బిడ్డా. గా పీట మీద కూసోకు, దాని కాలు ఊగుతది, గీ కుర్చీల కూసో. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టుకో, నాకేం భయం. గని ఉల్లిగడ్డల పక్కకు పెట్టకు, తడి అంటుతది. వాళ్లు రానీకె ఇంక మస్తు టైముంది, ఎండ తగ్గితె గని మెట్లెక్కరు. నేను గీ ఉల్లిగడ్డలు కోసుకుంట చెప్త, పకోడీలకు. చేతులు ఉత్తగుంటే నాకు నోరు తిరగది, మా అమ్మ పోలిక.

ఎక్కడికెళ్లి చెప్పాలె... ఇల్లు కాడికెళ్లి చెప్త. మా ఇంటాయన మల్లయ్య, నువ్వు మనిషిని సూడలే, కింద ఫోటో సూసుంటవ్. ఆయన గా పెద్ద స్టూడియోల లైట్ల కాడ పనిచేసెటోడు. గప్పుడు గీ ఫిల్మ్ నగర్ దిక్కంత గుండ్లు, ముండ్ల చెట్లు. జూబిలీ హిల్స్ల ఇయ్యాల గజం ఎంత అని అడిగితె గుండె ఆగుతది గని, గప్పుడు మా అన్నకు పక్క జాగ ఉత్తపుణ్యానికి ఇప్పిస్తమన్నా వద్దన్నడు. గా రాళ్లల్ల ఏం పండుతది, ఏం తింటరు అన్నడు. ఇప్పుడు వచ్చినప్పుడల్ల మిద్దె ఎక్కి నాలుగు దిక్కులు సూస్తడు, ఏం మాట్లాడడు, చాయ్ తాగి పోతడు. నేను గూడ ఏమన. ఏమన్నా ఏమొస్తది ఇప్పుడు.

ఏం చెప్తున్న... ఆఁ, ఇల్లు. కింద రెండు అర్రలు, మీద రెండు అర్రలు. మా ఆయన పట్టువట్టి స్లాబే ఏసిండు, రేకులొద్దన్నడు. మీది అర్రలు కిరాయికి. గప్పుడే మాదాపూర్ దిక్కు అద్దాల బిల్డింగులు లేస్తున్నయ్. పొద్దుగాల బజారుల నిలబడితె తెల్ల బండ్లు, మెడల కార్డులేసుకున్న పిల్లలు. ఎవలింటికి పోయినా కంప్యూటర్ కోర్సు ముచ్చటే. కిరాయిలు పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగినయ్. మా చుట్టుపక్కలోళ్లంత సాఫ్ట్‌వేరోళ్లకే ఇచ్చిన్రు, వాళ్లు అడిగినంత ఇస్తరు గదా. మాకు మాత్రం రాసేటోళ్లు దొరికిన్రు. ఎందుకంటె మా ఇంటికెళ్లి నాలుగడుగులేస్తె సిన్మా ఆఫీసు.

మొదలు వచ్చింది మూర్తిగారు. భీమవరం దిక్కాయన. పెండ్లాం పిల్లలు వెంగళరావు నగర్ల ఉంటరు, గాడ చిన్న ఇల్లు, బిడ్డ సదువు, చుట్టాల రాకపోకలు, రాసుకోనీకె జాగ లేదని మా కాడ ఒక అర్ర తీసుకున్నడు. పొద్దుగాల స్కూటర్ మీద వచ్చేది, పొద్దుమీకి పోయేది. పెద్ద రైటర్ల కాడ అసిస్టెంటు. అసిస్టెంటంటె ఏందో ఎర్కనా నీకు? రాసేది ఈయన, పేరు పడేది ఆయనది. నువ్వు థియేటర్ల సప్పట్లు కొట్టిన మాటలు ఎన్ని గా మూర్తిగారివో నీకు తెల్వది. ఆయనకు గూడ లెక్క లేదు.

రెండో అర్రల స్వరూప. పాలమూరు పిల్ల. వాళ్లమ్మ గీ గుట్టల మీదనే రాళ్లు కొట్టింది, ఇప్పుడు హీరోల ఇండ్లున్న కాడ. స్వరూప మంచిగ సదువుకుంది, మాదాపూర్ల ఫోన్ల ఇంగ్లీషు మాట్లాడే నౌకరి. అమెరికాల ఎవలికో కరెంటు బిల్లు ఎక్కువొస్తె ఈ పిల్ల సముదాయిస్తది, సూడు తమాష. అచ్చం దొరసాని లెక్క మాట్లాడుతది. గని తెలుగుల నోరు తెరవాలంటె సిగ్గు. తన మాట ఇంటె నవ్వుతరని. సిన్మాలల్ల మన మాట ఎవలికి పెట్టెటోళ్లు గప్పుడు? రౌడీకి, లేకపోతె నవ్వులాటకు. గా పిల్ల మనసుల గది పడిపోయింది.

ఇగ మూడోది పక్క సందుల కిరణ్ అని ఒక పోరడు. సాఫ్ట్‌వేరే, గని కథలు రాస్తడు. మా ఆయనతోని ముచ్చట పెట్టనీకె వస్తుండె.

ముగ్గురు రాస్తరు. ముగ్గురు తలుపులు ఏసుకుంటరు. ఒకలు రాసేది ఒకలికి చెప్పరు. మూర్తిగారైతె బాత్రూంకు పోయినా అర్రకు తాళమేసి పోయేది. ఒకనాడు అడిగిన, ఏందయ్యా లోపట బంగారం ఉందా అని. "కథ ఉందండీ అక్కయ్యగారూ, ఈ ఊళ్లో బంగారం పోతే పోలీసులు వెతుకుతారు, కథ పోతే ఎవరూ వెతకరు" అన్నడు. నేను నవ్విన. ఆయన నవ్వలే.

ఒక ఎండకాలం పొద్దుమీకి కరెంటు పోయింది. అందరు ఉక్కపోతకు మిద్దె మీదికొచ్చిన్రు. నేను పల్లీలు ఏంచుకొచ్చిన. కూసున్నరు, తింటున్నరు, ఎవ్వలు మాట్లాడరు. సావుకొచ్చినోళ్ల లెక్క కూసున్నరు. నాకు ఒళ్లు మండింది. ముగ్గురు ఒకటే పని చేస్తరు గదా, జర చెప్పుకోరాదు ఏం రాస్తున్నరో అన్న. ఒకల మొకం ఒకలు సూసుకున్నరు. కిరణ్ మెల్లగ అన్నడు, చెప్తె ఎవలన్న ఎత్తుకపోతరత్తమ్మా అని.

గప్పుడు నేను మా అమ్మ బర్రె ముచ్చట చెప్పిన. నీకు గూడ చెప్త విను. మా అమ్మ నర్సమ్మ ఎర్రగడ్డల పాలు అమ్మేది. ఎర్రగడ్డ అంటె ఇప్పటి లెక్క మెట్రో, ట్రాఫిక్ గాదు, కొట్టాలు, గడ్డివాములు. బర్రెను కొనుక్కొస్తె తీసుకొచ్చి సక్కగ కొట్టంల కట్టెయ్యకపోయేది. ముందుగాల నొసటికి పసుపు రాసి, మెడల గంట కట్టి, బజారంత తిప్పేది. ఇంటింటి ముందట ఆపేది. గా ఇంటామె బయటికొచ్చి, బర్రె నొసట చెయ్యి పెట్టి, నర్సమ్మ బర్రె సల్లగుండాలె అనాలె. మనసుల అనుకుంటె నడవది, నోటితోని అనాలె. నేను చిన్నపిల్లను, కాళ్లు నొస్తుండె, ఎందుకే గీ తిప్పుడు అని అడిగిన. రేపు తప్పిపోయినా, ఎవడన్న తోలుకపోయినా, బజారు బజారంత నర్సమ్మ బర్రె అని చెప్తది బిడ్డా, దాచి కట్టేసుకుంటె ఎవలు చెప్తరు అన్నది మా అమ్మ.

గదే చెప్పిన వాళ్లకు. మీరు దాచుకుంటున్నరు గనకనే పోతున్నయ్. బజారుల తిప్పున్రి అన్న. మూర్తిగారు మొదలు నవ్విండు, కథను బర్రెను చేశారండీ అని. నవ్వి నవ్వి ఆపిండు. చేతుల పల్లీలు మల్ల గిన్నెల ఏసిండు. ఆయనకు ఎన్ని పోయినయో, గవన్నీ యాదికొచ్చినట్టున్నయ్.

తెల్లారి ఐతారం. స్వరూప కాయితాలు తెచ్చింది, తెచ్చింది గని సదువది. ఏం ఫికర్ లేదు బిడ్డా సదువు అంటె, నువ్వు సదువత్తా అంటది. నాకు అద్దాలు లేవు. మూర్తిగారు తీసుకున్నడు. రాళ్లు కొట్టే తల్లి, ఆమె బిడ్డ. తల్లి కొట్టిన రాయితోని పెద్ద ఇల్లు లేస్తది, గా ఇంట్లకు ఒక్కసారన్న పోయి సూడాలని బిడ్డ కోరిక. అంతే కథ. మొత్తం పాలమూరు మాట. మూర్తిగారేమో గోదారి నోరు. గీడ, గాడ అని రాస్తె ఆయన నోట్ల ఎట్లెట్లనో పడ్డది. కిరణ్ కిసుక్కున నవ్విండు. మా ఆయన గూడ నవ్విండు, నేను గుడ్లురిమి సూసిన. స్వరూప చున్నీ మొకానికి అడ్డం పెట్టుకుంది.

మూర్తిగారు కాయితం దించిండు. "నవ్వాల్సింది నా నోటికి, నీ మాటకి కాదమ్మాయ్. నువ్వెలా అంటావో ఒక్కసారి చెప్పు, నేర్చుకుంటాను" అన్నడు. అంత పెద్ద మనిషి. అందరి ముందల. గా మాట నేను సచ్చేదాక మర్శిపోను. గప్పుడు గా పిల్ల మెల్లగ, తల దించుకునే, తల్లి మాట ఒకటి చెప్పింది. ఇల్లు పూర్తయి గేటు కాడ వాచ్‌మెన్ వాళ్లను ఆపినప్పుడు తల్లి అనే మాట. "గీ రాయి నాది గాదు, గీ ఇల్లు నాది గాదు. గని గా రాయి పలిగిన సప్పుడు నాది." నా చేతుల కత్తి ఆగింది. గప్పుడు గూడ ఉల్లిగడ్డలే కోస్తున్న. కండ్లల్ల నీళ్లు ఉల్లిగడ్డలకు కావని అందరికి తెల్సింది, దాచలే నేను.

గట్ల పడ్డది రివాజు. రాసినోళ్లు సదువొద్దు, ఇంకొకలు సదవాలె. మూర్తిగారు దానికి కారణం మంచిగ చెప్పిండు. రాసినోడు సదివితె గొంతుతోని బొక్కలన్ని పూడుస్తడంట, వేరేటోళ్లు సదివితె యాడ ఇంటి కప్పు కురుస్తుందో తెలుస్తదంట. నా కారణం వేరే. పది నోళ్లల్ల తిరిగితె పది మందికి గుర్తుంటది, బర్రె లెక్కనే. ఇంకో రివాజు నేను పెట్టిన. విన్నంక బాగుంది అనొద్దు, బాగలేదు అనొద్దు. యాడ నిద్రొచ్చిందో చెప్పాలె. బాగుంది అంటె ఎవలికి ఏం తెలుస్తది చెప్పు? యాడ ఆవులించినవో చెప్తె రాసినోళ్లు గాడ బాగు చేసుకుంటరు. మా ఆయన అన్నింటికి ఆవులించెటోడు, ఆయన మాట లెక్కల పెట్టుకోకపోయేది. నా కత్తి ఆగిందా లేదా గది సూసెటోళ్లు. కత్తి ఆగకపోతె పిల్లలు మొకం మాడ్చుకుని కాయితాలు ఇంటికి పట్టుకపోయి మల్ల రాసుకొచ్చెటోళ్లు.

మెల్లమెల్లగ మనుషులు పెరిగిన్రు. ఇండ్లల్ల ఉండే ఆడోళ్లు, ఆఫీసులకు పోయేటోళ్లు, సిన్మా ఆఫీసుల చాయ్ మీద బతికే పిల్లలు. ఉత్త కథలు సదువుడే అనుకోకు. ఒకలికి జరమొస్తె ఒకలు అన్నం పట్టుకపోయేది. ఎవలి కథన్న పత్రికల పడ్డదంటె గా ఐతారం మిఠాయి వాళ్లదే. తెలంగాణోళ్లు, ఆంధ్రోళ్లు అని బయట ఎంత లొల్లి నడిచినా మిద్దె మీదికి రానియ్యలే. చెప్పులతోని పాటు గది గూడ కింద ఇడిచిపెట్టి రావాలని చెప్పిన. గర్వంగ చెప్తున్న అనుకుంటవేమో. గర్వమే. ఎందుకుండొద్దు?

ఇగ అసలు ముచ్చటకు వస్త. స్వరూప గా కథ పట్టుకుని ఒక సిన్మా ఆఫీసుకు పోయింది. పేరొద్దులే, ఆఫీసు గూడ ఇప్పుడు లేదు. గాడ ఒక పెద్ద రైటర్ విన్నడు, కాయితాలు పెట్టి పో, సూద్దం అన్నడు. ఇది నా కథ అని రైటర్ల సంఘంల రాయించుకోవాలె, దానికి ముందుగాల మెంబరు గావాలె, గవన్ని గా పిల్లకు తెల్వయి. పెట్టి వచ్చింది. ఎండకాలం పోయింది, వానలు పోయినయ్. ఫోన్ లేదు, కబురు లేదు. మర్శిపోయినరనుకున్నం.

గా ఆఫీసుకే మూర్తిగారికి పిలుపొచ్చింది. కొత్త సిన్మా, మాటలు రాయాలె. ఖుషీగ పోయిండు. శాన దినాల తర్వాత పెద్ద పని, బిడ్డను ఇంజినీరింగుల ఏసే యాళ్ల. మల్ల ఐతారం వచ్చిండు, గని మొకంల నెత్తురు లేదు. గా దినం సదివే వంతు ఆయనది. కాయితం చేతుల పట్టుకుని నిలబడ్డడు, సదువడు. పకోడీలు సల్లారుతున్నయ్ మూర్తిగారూ అన్న. గప్పుడు చెప్పిండు. గా పెద్ద రైటర్ తన కథ అని ప్రొడ్యూసర్‌కు చెప్పింది స్వరూప కథేనంట. గా పాలమూరు మాటలు తీసేసి మామూలు భాషలకు మార్చుమని మూర్తిగారి చేతుల పెట్టిన్రంట. రాళ్లు కొట్టే తల్లి, గేటు, వాచ్‌మెన్, అన్ని గవే.

బిడ్డా, ఆయన చెప్పకుండ ఊకుండొచ్చు. మార్చి ఇచ్చి పైసలు తీసుకుంటె ఎవలికి తెలుస్తది? అన్నేండ్లు గదే చేసిండు గదా. గని ఆ నోటితోనే గా కథ మొదలు సదివిండు. గా నోటితో ఎట్ల దాస్తడు? తన పని పోతదని తెల్సి చెప్పిండు. నేను పొద్దుగాల దేవునికి దండం పెట్టుకునేటప్పుడు గాయన పేరు గూడ తలుస్త ఇప్పటికి.

స్వరూప తెల్లారి బ్యాగు సర్దుకుని కిందికొచ్చింది, తాళంచెవి నా చేతుల పెట్టబోయింది. నేను బియ్యం ఏరుతున్న. అత్తా, నేను ఇగ రాయ, వేరే కాడ ఉంట, నౌకరి చేసుకుంట అన్నది. ఏడిస్తె మంచిగుండు, ఏడువలే. గదే నాకు భయమైంది. నీ కథ నీ ఒక్కదానిదే అనుకుంటున్నవా అని కోపానికొచ్చిన. నేనెన్ని ఉల్లిగడ్డలు కోసిన దానికి? మూర్తిగారి నోరు ఎంత వంకర పోయింది దానికి? బజారంత నొసట చెయ్యి పెట్టి సల్లగుండాలె అన్న బర్రెను ఎవడో తోలుకపోతుంటె నువ్వు ఊరిడిసి పోతవా? బ్యాగు పైకి పట్టుకపో అన్న. తాళంచెవి తీసుకోలే నేను. బ్యాగు ఎత్తుకుని మల్ల పైకి పోయింది.

ఆఫీసుల అడుగు పెట్టనిచ్చేది ఎవలు మమ్ముల? గాడ మా ఆయన పనికొచ్చిండు. గా ప్రొడ్యూసర్ ఎన్కట మేనేజరుగ ఉన్నప్పుడు మా ఆయన ఆయన కాడ లైట్లు ఎత్తిండు. కథలకు ఆవులించే మనిషి, తెల్ల అంగీ ఏసుకుని పోయి మాట్లాడి వచ్చిండు. మా ఇంటిది, దాని దోస్తులు ఒక కథ చెప్తరు సార్, చాయ్ తాగేంత సేపు ఇనున్రి అని అడిగిండంట. పైసలు అడగనీకె వచ్చిండనుకుని భయపడ్డడంట ఆయన. కథేనా అని దమ్ము తీసుకుని రమ్మన్నడు.

పోయినం. మేము మిద్దె మీదోళ్లం అందరం. గా ఆఫీసు నిండ అద్దాలు, చల్లగ ఏసీ, నాకు చీర కొంగు కప్పుకున్నా వణుకుడే. టేబుల్‌కు గా దిక్కు ప్రొడ్యూసర్, గా పెద్ద రైటర్, పక్కపొంటి మూర్తిగారు, గప్పటికింక ఆయన పని గాడనే. ఆయన మా దిక్కు సూడడు. నేను చెప్పిన, లొల్లికి రాలే సార్, ఒక కథ చెప్పి పోతం. స్వరూపను మూలకు కూసోబెట్టిన. కిరణ్ మొదలువెట్టిండు. కాయితం లేదు, ఏం లేదు. గుట్ట, ఎండ, తల్లి సుత్తె పట్టుకునుడు. వాడు ఆగిన కాడ ఇంకో పిల్ల అందుకుంది. ఆమె ఆగిన కాడ ఇంకొకలు. అన్ని ఐతారాలు సదివినం గదా, ఎవలికి వాళ్లకు నోట్ల ఉన్నది. నేను గూడ నా తుకడ చెప్పిన, ఒక్క మాట పోలే.

నడుమల గా పెద్ద రైటర్ లేచిండు. ఇది మన కథే కదండీ, ఆఫీసులోంచి బయటికెలా వెళ్లింది అని మూర్తిగారి దిక్కు సూసిండు. ప్రొడ్యూసర్ చెయ్యెత్తి కూసోమన్నడు, కానివ్వండమ్మా అన్నడు. కథ గేటు కాడికొచ్చింది. తల్లి మాట చెప్పే వంతు కిరణ్‌ది. వాడు నోరు తెరిశేంతల, టేబుల్‌కు గా పక్కకెళ్లి మూర్తిగారు లేచిండు. లేచి, మా దిక్కు వచ్చి నిలబడి, అన్నడు. గీ రాయి నాది గాదు, గీ ఇల్లు నాది గాదు. పాలమూరుల పుట్టినోడు అన్నట్టే అన్నడు బిడ్డా. ఒక్క అచ్చరం పక్కకు పోలే. అన్ని ఐతారాలు నేర్చుకున్నడు గది.

ప్రొడ్యూసర్ మెల్లగ అద్దాలు తీసి టేబుల్ మీద పెట్టిండు. దీన్ని రాసింది ఎవరు అన్నడు. ఎవ్వలు చెప్పలే, అందరం మూలకు సూసినం. "ఇంతమంది మాట్లాడారు, నువ్వొక్కదానివే నోరు విప్పలేదేంటమ్మా?" అన్నడు. స్వరూప లేచి నిలబడ్డది. తల దించలే ఈసారి.

"రాసినోళ్లు సదువొద్దు సార్. మా మిద్దె మీద గదే రివాజు."

ఆయన పకపక నవ్విండు. మంచోడా అంటె మంచోడే, గని అంతకన్న తెలివైనోడు. ఇంతమంది నోట్ల ఉన్న కథను ఇంకోలిదని చెప్పి సిన్మా తీస్తె రేపు ఏమైతదో తెల్సిన మనిషి. కథ నీదే, మాటలు నీవే, పేరు నీదే పడుతది అన్నడు. గా పెద్ద రైటర్ ఫోన్ వచ్చినట్టు చేసి బయటికి పోయిండు, ఫోన్ మోగనేలే. స్వరూప గప్పుడు నోరు విప్పింది. తల్లి మాట మార్చొద్దు, పాలమూరు మాట పాలమూరు మాట లెక్కనే ఉండాలె అని అడిగింది. సరే అన్నడు. ఇంకో మాట దగ్గరికి పోయి మెల్లగ చెప్పింది, మాకు ఇనపడలే. ఆయన తల ఊపిండు. ఏం అడిగినవే అని ఇంటికొచ్చినంక ఎంత గుంజినా చెప్పలే.

మూర్తిగారికి గా పెద్ద రైటర్ల కాడ పనులు బందైనయ్. పది మందిల నోరు తెరిశిన అసిస్టెంటును ఎవలు పెట్టుకుంటరు? కిరణ్ వాళ్ల కంపెనీల తెలుగు రాసేటోళ్లు గావాలంటె గాడ పెట్టిచ్చిండు. ఫోన్ చేస్తె దయచేసి లైనులో ఉండండి అంటది గదా, గసొంటియి రాసేది. ఇక్కడ గూడ నా మాట ఇంకొకరి గొంతేనండీ అక్కయ్యగారూ అని నవ్వెటోడు. ఇంట్ల జరంత నిమ్మళమైంది గని, ఆయన లోపల ఏదో అట్లనే ఉండె. నాకు తెలుస్తుండె.

సిన్మా వచ్చింది. ఎర్రగడ్డల థియేటర్, మ్యాట్నీ. అందరం పోయినం, నేను పట్టుచీర కట్టిన. మూర్తిగారు ముందు వరసల, స్వరూప ఎన్క వరసల. పేర్లు మొదలైనయ్. కథ, మాటలు, స్వరూప అని ఇంతింత అక్షరాలు పడ్డయ్. నా పానం లేచొచ్చింది. మూర్తిగారు దబ్బున లేచి, ఎన్కకు తిరిగి, స్వరూప దిక్కు సూసుకుంట సప్పట్లే సప్పట్లు. కూసోవయ్యా అని ఎన్కటోళ్లు అరుస్తున్నరు, వినడు. గా పిల్ల ముందుకు చెయ్యి సూపిస్తుంది, తెర దిక్కు, తెర దిక్కు సూడున్రి అని. ఈయన అది గూడ సప్పట్లనుకున్నడు. తిరిగేటాల్లకు పాటలోళ్ల పేర్లొచ్చినయ్.

గా నడుమల తెర మీద ఏం పోయిందో తెల్సా నీకు? మాటల సహకారం, సూర్యనారాయణ మూర్తి. ఆయన బతుకుల మొదటిసారి తెర మీద పేరు పడితె ఆయన వీపు తిప్పి నిలబడ్డడు. స్వరూప గా ఆఫీసుల ప్రొడ్యూసర్‌ను మెల్లగ అడిగిన మాట గదే.

మీ పేరు పడింది సార్ అంటె నమ్మడు. ఆటపట్టిస్తున్నరనుకున్నడు. సిన్మా అంత తలకాయ కిందికేసుకునే కూసున్నడు, ఏం సూసిండో ఆయనకే తెల్వది. సిన్మా నడుస్తుండంగనే కిరణ్ బయటికి పోయి ఆటో మాట్లాడుకుని వెంగళరావు నగర్ పోయి మూర్తిగారి భార్యను, బిడ్డను ఎక్కించుకొచ్చిండు. మేము బయటికొచ్చేటాల్లకు స్వరూప మల్ల అందరికి టికెట్లు తీసి నిలబడ్డది. మల్ల పోయి కూసున్నం. ఈసారి ఆయనను నడుమల కూసోబెట్టి, ఈ పక్క నేను, గా పక్క ఆయన బిడ్డ. లేవకుండ అంగీ పట్టుకున్న నేను, నవ్వకు, నిజంగనే పట్టుకున్న.

స్వరూప పేరొచ్చింది. ఎవ్వలం సప్పట్లు కొట్టలే, ఊపిరి పట్టుకున్నం. ఎన్కనే ఆయన పేరు. మూర్తిగారు నోరు తెరవలే. అద్దాల కిందికెళ్లి నీళ్లు కారుతున్నయ్, నోరు మాత్రం తెరవలే. గా బిడ్డ లేచి నిలబడి హాలంత వినేటట్టు సదివింది. మా నాన్న పేరు, సూర్యనారాయణ మూర్తి అని. గా పిల్లకు మా మిద్దె రివాజు తెల్వది. ఎవలు చెప్పలే. గని రాసినోళ్లు సదువొద్దు గదా బిడ్డా, ఇంకొకలే సదవాలె గదా.

జర ఆగు. కండ్లు... ఉల్లిగడ్డలు అని ఏం చెప్పను గాని. కొంగుతోని తుడుచుకుంటె ఇంకా మండుతయ్.

ఇప్పుడు స్వరూప పెద్ద రైటరు. వచ్చినప్పుడు గా గోడ మీదనే కూసుంటది, కుర్చీ ఏస్తనన్నా వద్దంటది. మా ఆయన లేడు, అన్నింటికి ఆవులించెటోడు ఎవ్వడు లేడు ఇప్పుడు. గది ఒక్కటి వెలితి. మెట్ల కాడ సప్పుడైతుంది, విన్నవా? మూర్తిగారే. మోకాళ్ల నొప్పులు, మెట్టు మెట్టుకు ఆగుతడు, గని ఐతారం తప్పడు.

బిడ్డా, నువ్వొచ్చినప్పటికెళ్లి గా బ్యాగు ఒళ్లె పెట్టుకుని పట్టుకున్నవ్. దాంట్ల ఏముందో నేను అడగలే గని నాకు తెల్సు. ముచ్చట అడగనీకె వచ్చిన అని ఫోన్ పట్టుకొస్తరు, బ్యాగుల కాయితాలుంటయ్. నువ్వు మొదటిదానివి గాదు. ఇటు తే. సిగ్గెందుకు? ఇటు తే అంటున్న.

రాండ్రి మూర్తిగారూ, కూసోన్రి, దమ్ము తీసుకోన్రి. కొత్త పిల్ల. ఇదిగో, గీయి మీ వంతు. నువ్వు ఇటు రా బిడ్డా, నా పక్కపొంటి కూసుని గీ ఉల్లిగడ్డలు ఒలువు, ఒక్క మాట మాట్లాడొద్దు. నా చెయ్యి నీ నెత్తి మీద పెడుతున్న సూడు. నువ్వు లేని కాడ గూడ ఇది నీ మాటే అని చెప్పేటోళ్లు నీకు దొరకాలె, సల్లగుండాలె.

ఊఁ... సదువున్రి మూర్తిగారూ. కత్తి నా చేతులనే ఉంది, ఆగుతదో లేదో సూద్దం...